అల్లుడు పక్కన కూర్చున్నా చూడగలిగే క్రిస్మస్ సినిమాలు

ప్రశ్న: మాది తణుకు. అమ్మాయి పురిటికని అక్టోబరులో అమెరికా వచ్చాను. వీళ్ళుండేది డెట్రాయిట్ దగ్గర. మనవడికి ఇప్పుడు ఆరు వారాలు. అమ్మాయికి కాస్త నిద్ర దొరకాలని రాత్రి రెండోసారి పాలకి నేనే లేస్తున్నాను. బయటంతా మంచు, అడుగు పెట్టడానికి లేదు. ఒక రాత్రి పిల్లాణ్ణి భుజాన వేసుకుని టీవీ పెడితే క్రిస్మస్ ప్రేమ సినిమా ఒకటి వస్తోంది. అప్పటినుంచి అలవాటైపోయింది. మా అల్లుడు మంచివాడే గానీ, "అత్తయ్యా, మీరు నిన్న చూసిందీ ఇవాళ చూస్తున్నదీ ఒకటే సినిమా, హీరోయిన్ కోటు మారిందంతే" అని ఏడిపిస్తాడు. నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. అరవై మూడేళ్ళొచ్చాక ఈ ప్రేమకథలేమిటని సిగ్గు కూడా. మావారు పోయి రెండేళ్ళయింది. ఉంటే అందరికన్నా ముందు ఆయనే నవ్వేవారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంటిల్లిపాదీ కూర్చున్నా ఇబ్బంది లేనివి, కొంచెం మంచివి, నాలుగు చెబుతారా?
– ఓ అమ్మమ్మ, మిషిగన్

జవాబు: అక్కయ్యగారూ, ముందు మీ అల్లుడుగారి మాట ఒప్పేసుకుందాం. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. పెద్ద ఊళ్ళో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి పండక్కి చిన్న ఊరు వస్తుంది. రావడం ఇష్టముండదు. అక్కడ గళ్ళ చొక్కా వేసుకుని కట్టెలు కొట్టే అబ్బాయి ఉంటాడు. ఊళ్ళో ఒక బేకరీయో పాత హోటలో మూతపడబోతూ ఉంటుంది. సిటీలో ఉన్న కాబోయే పెళ్ళికొడుకు చెవి దగ్గర్నుంచి ఫోను తియ్యడు, కాబట్టి వాడు పనికిరాడని మొదటి పది నిమిషాల్లోనే మనకి తెలిసిపోతుంది. బిస్కెట్లు చేస్తారు, చెట్టు కొంటారు, దానికి దీపాలు కడతారు. గంట దాటాక ఎవరో సగం మాట విని అలుగుతారు. చివరి నిమిషంలో ఒక ముద్దు, ఆ వెంటనే మంచు. అంతకుముందే ఒకసారి ఇద్దరూ దగ్గరికొస్తారు గానీ సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు తోసుకుని వచ్చేస్తారు.

అయితే ఎందుకలా ఉంటాయో కూడా ఆయనకి తెలియాలి. ఈ సినిమాలు థియేటర్ కోసం తీసినవి కావు, టీవీ కోసమే పుట్టినవి. రెండు గంటల సమయంలో ప్రకటనలు పోగా సినిమాకి మిగిలేది ఎనభై అయిదు నిమిషాలు, అటూ ఇటూగా. అందుకని కథని మామూలుగా తొమ్మిది చిన్న ముక్కలుగా కోసి రాస్తారు. ప్రతి ముక్క మొదట్లోనూ మనం ఎక్కడున్నామో ఎవరో ఒకరు మాటల్లోనే గుర్తు చేస్తారు. "రేపే కదా బిస్కెట్ల పోటీ!" అని పక్కింటావిడ అనడం ఊరికే కాదు. డిసెంబరులో ఆ ఇళ్ళలో టీవీ మోగుతూనే ఉంటుంది, కింద ఎవరో బహుమతులకి రంగు కాగితాలు చుడుతుంటారు, ఇంకెవరో వంటింట్లోకి వెళ్ళి వస్తుంటారు. మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళ కోసమే కట్టిన సినిమాలివి. అంటే మీ కోసమే. మనవడు ఏడిస్తే లేవండి, పాలు పట్టండి, తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి, గుడ్డ మార్చి తిరిగి రండి. మీరు పోగొట్టుకున్నది ఒక చెట్టు అలంకరణ, అంతే. సస్పెన్స్ సినిమా పెట్టుకుంటే ఈ సౌకర్యం ఉంటుందా? ఒకేలా ఉండటాన్ని ఆయన లోపం అంటున్నారు, నేను పనివాటం అంటాను.

ఇక ముగింపు ముందే తెలిసిపోవడమా? వ్రతకథ చివర ఓడ తేలుతుందని తెలిసే కదా అక్షింతలు పట్టుకుని కూర్చుంటాం. సంక్రాంతికి పిల్లలు ఇంటికొస్తారా రారా అని ఒక తాత ఎదురుచూసే ‘శతమానం భవతి’ 2017 పండక్కి వచ్చినప్పుడు, వాళ్ళు రారేమోనన్న అనుమానం హాల్లో ఎవరికుంది?

మీరు చూస్తున్న వాటిలో ఎక్కువ హాల్‌మార్క్ ఛానెల్‌వే అయ్యుంటాయి. అది గ్రీటింగ్ కార్డుల కంపెనీ. కాన్సాస్ సిటీలో 1910లో మొదలైంది. 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి, టీవీ కోసమే రాయించిన ఒక సంగీత నాటకాన్ని స్పాన్సర్ చేసి ప్రసారం చేయించడంతో వాళ్ళ టీవీ నాటకాల వరుస మొదలైంది. ఇప్పటి ఛానెల్ 2001లో వచ్చింది. ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ అని పండగ సినిమాలన్నిటినీ వరుసపెట్టి వెయ్యడం 2009లో మొదలైంది. ఇప్పుడది అక్టోబరులోనే మొదలవుతోంది. కొన్నేళ్ళయితే ఒక్క సీజన్‌లోనే నలభై దాకా కొత్తవి వచ్చాయి. అన్ని తీస్తే హీరోయిన్ కోటు తప్ప ఇంకేం మారుతుంది?

ఒక్కోటి మూడు వారాల్లోపే తీసేస్తారు. చాలావాటి షూటింగ్ కెనడాలో, వాంకూవర్ చుట్టుపక్కలో, ఆంటారియోలో ఆల్మాంట్ లాంటి చిన్న ఊళ్ళలోనో జరుగుతుంది. అక్కడ పన్ను రాయితీలున్నాయి. డిసెంబరుకి వెయ్యాలంటే తీసేది చాలాసార్లు ఎండాకాలంలోనే. నేల మీద దూది పరుపులు, గాల్లో సబ్బు నురగ, కిటికీల దగ్గర కాగితం తురుము. పాపం వాళ్ళు ఉన్ని కోట్లలో చెమటలు కక్కుతూ "అబ్బ, ఏం చలి!" అంటుంటారు. ఈసారి మాట్లాడేటప్పుడు నోట్లోంచి ఆవిరి వస్తోందేమో చూడండి. వెనకాల చెట్లకి పచ్చటి ఆకులున్నాయేమో చూడండి. కాఫీ కప్పు పట్టుకున్న తీరు చూస్తే అందులో చుక్క కాఫీ లేదని తెలిసిపోతుంది. ఒక డిసెంబరు నెలంతా మా చెల్లెలి ఇంట్లో ఇదే ఆట ఆడాం. అల్లుడుగారిని కూడా ఈ ఆటలోకి దింపండి. ఎగతాళి చేసేవాళ్ళకి చేతినిండా పని దొరికితే కదలకుండా కూర్చుంటారు.

ఇప్పుడు సినిమాలు. నాలుగే అడిగారు గానీ నాలుగు దగ్గర ఆగేలా లేను.

అందరూ కలిసి చూడాలంటే మొదట ‘త్రీ వైజ్ మెన్ అండ్ ఎ బేబీ’ పెట్టండి. 2022లో వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరంటే ఒకరికి పడదు. ఒకడు అగ్నిమాపక దళంలో పని చేస్తాడు. ఆ స్టేషన్లో ఎవరో ఒక పసిబిడ్డని, ఒక చీటీని వదిలి వెళ్తారు. క్రిస్మస్ దాకా ఆ బిడ్డని ఈ ముగ్గురూ పెంచాలి. ఇందులో ప్రేమ పక్కవాటు, అన్నదమ్ములదే అసలు కథ. పిల్లాడు ఎందుకేడుస్తున్నాడో తెలియక ముగ్గురు మగాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునే చోట మీ అల్లుడుగారు నవ్వరు, ఆయనకది డాక్యుమెంటరీ. ఆ ఏడాది అమెరికా కేబుల్ టీవీ సినిమాల్లో ఎక్కువ మంది చూసింది ఇదేనని లెక్క తేలింది. దీన్ని రాసినవాళ్ళలో కింబర్లీ సస్టాడ్ అనే నటి ఉంది. ఆ పేరు గుర్తుంచుకోండి, కిందే మళ్ళీ వస్తుంది.

ఆ అమ్మాయే హీరోయిన్‌గా చేసిన ‘ది నైన్ లైవ్స్ ఆఫ్ క్రిస్మస్’ (2014) నా లెక్కలో ఈ మొత్తం మందలో మంచి ప్రేమకథ. అందులోనూ అగ్నిమాపక దళం అబ్బాయే. ఈ ఛానెల్‌వాళ్ళకి మంటలార్పేవాళ్ళంటే ఎందుకో అంత ఇది. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకునే మనిషి వెంట ఆంబ్రోస్ అనే నారింజ రంగు పిల్లి పడుతుంది. అమ్మాయి పశువైద్యం చదువుతుంటుంది, పిల్లిని పెంచుకుంటోందని ఆమె చేత ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఇద్దరూ అందంగా ఉన్నామన్న స్పృహ లేకుండా, మామూలు మనుషులు సిగ్గుపడ్డట్టు సిగ్గుపడతారు. అదే నాకు నచ్చింది. అబ్బాయి బ్రాండన్ రౌత్, 2006లో సూపర్‌మ్యాన్‌గా వేసింది అతనే. ఇక్కడ ఎగరడు, ఇంటికి చెక్కపని చేసుకుంటూ ఉంటాడు. ఏడేళ్ళ తర్వాత పిల్లికూనలతో రెండో భాగం తీశారు. అది లేకపోయినా నష్టం లేదు.

అత్తగారి పాత్ర కావాలంటే ‘ఎ రాయల్ క్రిస్మస్’ (2014). ఫిలడెల్ఫియాలో బట్టలు కుట్టే అమ్మాయి ప్రేమించినవాడు తీరా చూస్తే ఒక చిన్న రాజ్యానికి యువరాజు. ఆ రాజ్యం పేరు కార్డీనియా, మ్యాపులో వెతక్కండి. కోటలో రాణిగారుంటారు, కాబోయే అత్త. కళ్ళజోడు లేకుండానే కిందకీ పైకీ చూసే ఆ చూపు జేన్ సీమోర్‌ది. 1973లో జేమ్స్ బాండ్ పక్కన హీరోయిన్‌గా వేసినావిడ. నోరు చేసుకోకుండానే సూర్యకాంతంగారి పని మొత్తం చేసేస్తుంది. హీరోహీరోయిన్లని మర్చిపోండి, ఆవిడ కోసం చూడండి. ఆ అమ్మాయి లేసీ షాబేర్. హాల్‌మార్క్‌లోనే ముప్పైకి పైగా సినిమాలు చేసింది కాబట్టి మీరు నిన్న రాత్రి కూడా ఆమెనే చూసి ఉంటారు. మీ అల్లుడుగారి అనుమానానికి సగం కారణం ఆమే.

ఆమెదే ‘హాల్ అవుట్ ది హాలీ’ (2022) ఒకటుంది. కాలనీ సంఘంవాళ్ళు ఇంటికి దీపాలు పెట్టలేదని నోటీసులిస్తూ వెంటపడే హడావుడి. లాన్ గడ్డి రెండంగుళాలు పెరిగిందని సొంతింటి కాలనీ నుంచి ఉత్తరం అందుకున్న తెలుగువాళ్ళెవరైనా పడి పడి నవ్వుతారు. కానీ గబగబా మాట్లాడతారు, మీకు కష్టం కావచ్చు. అమ్మాయీ అల్లుడూ ఉన్నప్పుడు పెట్టండి.

‘క్రిస్మస్ అండర్ ర్యాప్స్’ గురించి రెండు ముక్కలు. కోరుకున్న చోట ఫెలోషిప్ రాని ఒక డాక్టరమ్మాయి అలాస్కాలో చిన్న ఊరికి వెళ్తుంది. 2014లో వేసినప్పుడు 58 లక్షల మంది చూశారు, ఆ ఛానెల్‌కి అప్పటికి అదే రికార్డు. సినిమా మాత్రం మామూలుదే. మీ బంధువుల్లో మెడిసిన్ మ్యాచ్ (కుర్ర డాక్టర్లకి ఏ ఆసుపత్రిలో శిక్షణ దొరుకుతుందో తేలే పద్ధతి) టెన్షన్‌లో ఉన్న పిల్లలుంటే వాళ్ళకి చెప్పండి.

మీరు ఒక్కరే ఉన్నప్పుడు చూడాల్సింది వేరే ఉంది, ‘ది క్రిస్మస్ కార్డ్’. 2006 నాటిది, ఇప్పటి వాటంత తళతళ ఉండదు. కాలిఫోర్నియాలో నెవాడా సిటీ అనే చిన్న ఊళ్ళో చర్చి ఆడవాళ్ళు అఫ్గానిస్తాన్‌లో ఉన్న సైనికులకి కార్డులు రాస్తారు. అందులో ఒక కార్డు ఒక సైనికుడి జేబులో నెలల తరబడి ఉండిపోతుంది. సెలవు మీద వచ్చి అతను ఆ ఊరు వెళ్తాడు, కార్డు సంగతి మాత్రం చెప్పడు. మామూలు ఉత్తరం ముక్క ఒక మనిషిని ఎంతకాలం నిలబెడుతుందో తెలిసినవాళ్ళు తీసిన సినిమా ఇది. ఆ అమ్మాయి తండ్రిగా ఎడ్ ఆస్నర్ వేశాడు, అప్పటికే డెబ్బై దాటిన మనిషి. కలప మిల్లు నడిపే ముసలాయన. చూసీ చూడనట్టు ఆ కుర్రాణ్ణి గమనిస్తుంటాడు. ఈ తరహా సినిమాల్లో నటనకి ఎమ్మీ నామినేషన్ రావడం అరుదు, ఆయనకి వచ్చింది. బుడగలు కట్టిన ఇల్లు గాల్లోకి లేచే ఆ కార్టూన్ సినిమాలో తాతగారి గొంతు కూడా ఆయనదేనని అల్లుడుగారికి చెప్పండి, కాస్త గౌరవం పెరుగుతుంది. దీన్ని మీకోసం ఎందుకు ఎంచానంటే, భార్యాభర్తలుగా ముసలివాళ్ళిద్దరూ ఇందులో పక్కనే ఉన్నారు. కుర్రవాళ్ళు మాట్లాడుకుంటున్నా నా కళ్ళు వాళ్ళ మీదే ఉండేవి.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ఈ సినిమాల్లో చాలావాటిలో కథ మొదలయ్యేసరికే ఎవరో ఒకరు పోయి ఉంటారు. హీరో భార్యో, హీరోయిన్ తండ్రో. విడాకులకన్నా చావే వాళ్ళకి సులువు, ఎవరి మీదా నింద పడదు కదా. నవ్వుతూ చూస్తుంటే ఉన్నట్టుండి అటకమీంచి ఒక పెట్టె దించుతారు, అందులో పోయినాయన రాసిన కాగితం ఉంటుంది. రాత్రి రెండింటికి పిల్లాడితో ఒంటరిగా ఉన్నప్పుడు అది గుచ్చుకుంటే టీవీ కట్టేసి పొద్దున అమ్మాయితో కలిసి చూడండి. మీవారు నవ్వేవారని రాశారు. సరే, ఎక్కడ నవ్వేవారో మీ అమ్మాయికి చూపించండి. ఆ పిల్లకీ వాళ్ళ నాన్న నవ్వు గుర్తుండే ఉంటుంది.

ఆ మాట మీద గుర్తొచ్చింది, నెట్‌ఫ్లిక్స్‌లో ‘హాట్ ఫ్రాస్టీ’ (2024) ఉంది. మళ్ళీ లేసీయే. భర్త పోయాక ఇంటి మరమ్మతు కూడా పట్టించుకోకుండా కాఫీ హోటల్ నడుపుకునే ఆవిడ ఒక మంచుబొమ్మ మెడకి మఫ్లర్ కడితే, బొమ్మ కాస్తా మనిషైపోతుంది. చాలా పిచ్చి కథ, నాకు చాలా ఇష్టం. కాకపోతే మంచుబొమ్మలకి బట్టలుండవు కదా. మఫ్లర్ ఒక్కటే అడ్డం పెట్టుకుని కొంతసేపు తిరుగుతాడు. ఇది మాత్రం అల్లుడుగారు ఆఫీసుకి వెళ్ళాక.

పిల్లాడు మంచి నిద్రలో ఉన్న మధ్యాహ్నం ఏదైనా దొరికితే ‘ఎ బిల్ట్‌మోర్ క్రిస్మస్’ (2023). పైన చెప్పిన సౌకర్యం దీనికి వర్తించదు, లేచి వెళ్తే నష్టపోతారు. నార్త్ కరొలినాలో యాష్‌విల్ దగ్గర వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడు 250 గదుల ఇల్లు కట్టించి 1895 క్రిస్మస్ ముందురోజున చుట్టాలకీ స్నేహితులకీ తలుపులు తీశాడు. ఆ ఇంట్లోనే తీశారు. 1940ల నాటి ఒక క్రిస్మస్ సినిమాని మళ్ళీ తియ్యడానికి స్క్రిప్టు రాసే అమ్మాయి, కథ సుఖంగా ముగియకూడదని పట్టుబడుతుంది. నిర్మాత ఒప్పుకోడు. సరే, ఆ ఇల్లు చూసొద్దామని వెళ్ళి ఒక ఇసుక గడియారం తిప్పితే నేరుగా ఆ పాత సినిమా షూటింగ్‌లోకే వెళ్ళి పడుతుంది. ముగింపు ఎలా ఉండాలన్న మీ ఇంటి తగువే ఇందులో కథ. అల్లుడుగారిని ఒక్కదానికే కూర్చోబెట్టగలిగితే దీనికి కూర్చోబెట్టండి.

హిందువులం కదా ఈ పండగ సినిమాలేమిటని మీరు అడగలేదు గానీ, ఎవరైనా ఫోన్‌లో అడగొచ్చు. నిజానికి ‘క్రిస్మస్ కార్డ్’ లాంటివి తప్పిస్తే వీటిలో చర్చి కనపడటమే తక్కువ. మన గోదావరి జిల్లాల్లో డిసెంబరు వచ్చిందంటే ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి, అర్ధరాత్రి పాటలు పాడుకుంటూ వీధి వీధీ తిరుగుతారు. దాంట్లో సగం భక్తి కూడా ఈ సినిమాల్లో ఉండదు, అంతా బెల్లం పాకం బిస్కెట్లే. వేరే పండగ కావాలంటే ‘రౌండ్ అండ్ రౌండ్’ (2023) అని యూదుల హనుక్కా మీద ఒకటుంది. ఏడోరోజు రాత్రి అమ్మానాన్నల ఇంట్లో జరిగే విందు ఒకమ్మాయికి మళ్ళీ మళ్ళీ జరుగుతూనే ఉంటుంది. రాత్రిళ్ళు అదే పాలసీసా, అదే ఏడుపు, అదే జోలగా గడుపుతున్న మీకు ఆ అమ్మాయి బాధ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. రిమోట్‌లో ‘సీసీ’ అని ఉంటుంది, నొక్కితే మాటలు కింద అక్షరాల్లో వస్తాయి. అవే మాటలు, అవే సందర్భాలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి నాలుగో సినిమాకి మీరే ముందు చెప్పేస్తారు. ఒకేలా ఉండటంలో ఇంకో లాభం చూశారా.

సిగ్గు సంగతి. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ వచ్చింది. ఆల్డోవియా అనే ఇంకో లేని రాజ్యం, ఇంకో యువరాజు. 53 మంది వరసగా 18 రోజులు రోజూ దాన్నే చూశారట. "మిమ్మల్నెవరు అంత బాధపెట్టారు?" అని ఆ కంపెనీ ట్విట్టర్‌లో వేళాకోళం చేసి, ఇంటింటికీ ఏం చూస్తున్నారో నిఘా పెడతారా అని జనం చేత చీవాట్లు తింది. ఆ 53 మందిలో పసిపిల్లల్ని భుజాన వేసుకున్న అమ్మమ్మలు ఎందరున్నారో వాళ్ళు కనుక్కున్నారా?

మార్చిలో తణుకు తిరిగి వెళ్తారనుకుంటాను. నెట్‌ఫ్లిక్స్‌వి అక్కడా దొరుకుతాయి. హాల్‌మార్క్‌వి మాత్రం ఉన్నన్నాళ్ళలో చూసేసుకోండి. ఒక్కోటి ఎప్పుడు వేస్తారో చూసి రికార్డు చేసి పెట్టమని అల్లుడుగారికే చెప్పండి. కోటు రంగుని బట్టి ఏది చూశారో ఏది చూడలేదో గుర్తుపట్టగలిగేది ఆ ఇంట్లో ఆయనొక్కరే కదా.